చెక్ చేసినప్పుడు పొడిగా ఉన్న హోస్: టేకాఫ్ అయిన 53 నిమిషాలకి వెనక్కి వచ్చిన విమానం, కేస్ స్టడీ

నేను లైన్ మెయింటెనెన్స్ లో ఇంజనీర్ ని, ఏ320 కుటుంబం విమానాల మీద సంతకం పెట్టే లైసెన్స్ ఉంది, ఈ పనిలోకి వచ్చి పద్నాలుగేళ్ళు అయింది. ఇక్కడ రాస్తున్నది మేము చూసుకునే ఒక విమానం గురించి. హైడ్రాలిక్ ఫ్లూయిడ్ (చక్రాలు, బ్రేకులు లాంటివాటిని ప్రెషర్ తో కదిలించే ద్రవం) పోయి, టేకాఫ్ అయిన 53 నిమిషాలకి మళ్ళీ అదే రన్‌వే మీద దిగింది, ఎవరికీ ఏమీ కాలేదు. మామూలుగా అయితే ఎయిర్ టర్న్ బ్యాక్ అని ఒక లైన్ రాసి, హోస్ మార్చాం అని ఇంకో లైన్ రాసి మూసేసే కేస్ ఇది. కానీ దానికి రెండు రోజుల ముందు అదే చోట తడి చూసి, చెక్ చేసి, లీక్ ఏమీ లేదు అని టెక్ లాగ్ లో, అంటే విమానం రిపేర్లు రాసే పుస్తకంలో, సంతకం పెట్టింది నేనే. చెక్ ఎగ్గొట్టలేదు, నిజంగానే పంపు ఆన్ చేసి ప్రెషర్ పెట్టి చూసాను, ఒక్క చుక్క కూడా కారలేదు. మరి రెండు రోజులకే ఆ సిస్టమ్ మొత్తం ఎలా ఖాళీ అయిపోయింది అన్నదే నేను చెప్పాలనుకున్నది, ఎందుకంటే నాలాగే ఆ చెక్ చేసి నమ్మేసేవాళ్ళు ఇంకా చాలామంది ఉంటారు.

ముందు గాల్లో ఏం జరిగిందో చెప్తాను.

సాయంత్రం 7:12 కి టేకాఫ్. సిబ్బందితో కలిపి 180 మంది, బరువు 67.9 టన్నులు. ఫస్ట్ ఆఫీసర్ నడుపుతున్నారు, కెప్టెన్ మానిటర్ చేస్తున్నారు. గేర్ అప్ అన్నారు, గేర్ అంటే చక్రాలున్న కాళ్ళు, లివర్ ఎత్తారు, గేర్ లోపలికి వెళ్ళింది, తలుపులు మూసుకున్నాయి, లైట్లు ఆరిపోయాయి, అంతా మామూలే. నిమిషం తిరిగేలోపు లోపాలు చూపించే ఈక్యామ్ స్క్రీన్ మీద గ్రీన్ రిజర్వాయర్ (ఫ్లూయిడ్ ట్యాంక్) లెవెల్ తక్కువ అని వార్నింగ్ వచ్చింది, హైడ్రాలిక్ పేజీలో గ్రీన్ క్వాంటిటీ అప్పటికే అడుగుకి పడిపోయి ఉంది.

ఈ విమానంలో మూడు హైడ్రాలిక్ సిస్టమ్స్ ఉంటాయి, గ్రీన్, బ్లూ, ఎల్లో. మూడూ 3000 పీఎస్ఐ మీద నడుస్తాయి, ఒకదాని ఫ్లూయిడ్ ఇంకోదాంట్లోకి వెళ్ళదు. గ్రీన్ కి ఒకటో ఇంజన్ మీద ఉన్న పంపు, ఎల్లో కి రెండో ఇంజన్ మీద ఉన్న పంపు, బ్లూ కి ఎలక్ట్రిక్ పంపు. గ్రీన్ కీ ఎల్లో కీ మధ్యలో పీటీయూ అని ఒక యూనిట్ ఉంటుంది, రెండింటి ప్రెషర్ కి 500 పీఎస్ఐ తేడా వస్తే అది తిరగడం మొదలుపెట్టి బాగున్న సిస్టమ్ బలంతో రెండో దానికి ప్రెషర్ ఇస్తుంది, ఫ్లూయిడ్ మాత్రం కలవనివ్వదు. ఏ320 ఎక్కినవాళ్ళకి కింద నుంచి కుక్క మొరుగుతున్నట్టు వచ్చే ఒక సౌండ్ తెలిసే ఉంటుంది, అది ఇదే.

గ్రీన్ లో ఫ్లూయిడే లేనప్పుడు ఇదే పీటీయూ ప్రమాదం తెస్తుంది. అవతల తోయడానికి ఏమీ ఉండదు కాబట్టి ఖాళీగా విపరీతమైన స్పీడ్ లో తిరిగి, ఎల్లో ఫ్లూయిడ్ ని వేడెక్కించి, బాగున్న దాన్ని కూడా పాడుచేయగలదు. అందుకే చెక్‌లిస్ట్ లో ముందు పీటీయూ ఆఫ్, తర్వాత ఒకటో ఇంజన్ పంపు ఆఫ్. కెప్టెన్ రెండూ చేసారు, రికార్డర్ డేటాలో చూస్తే వార్నింగ్ వచ్చిన 20 సెకన్లలోపు పీటీయూ స్విచ్ ఆఫ్ లో ఉంది. ఎల్లో సిస్టమ్ చివరిదాకా చెక్కుచెదరకుండా ఉండటానికి ఆ 20 సెకన్లే కారణం అని నేను అనుకుంటాను, రిపోర్ట్ లో కూడా అలాగే రాసాను.

తర్వాత 6000 అడుగుల దగ్గర లెవెల్ అయ్యారు, పాన్ పాన్ చెప్పారు, అంటే సమస్య ఉందని రేడియోలో ఇచ్చే సంకేతం, హోల్డింగ్ అడిగారు, అంటే ఒకే చోట చుట్లు తిరుగుతూ ఉండటం. ఇక్కడ ప్రయాణికులు తర్వాత అడిగిన ప్రశ్నలు రెండు. ఇంకా రెండు సిస్టమ్స్ ఉన్నాయి కదా, గమ్యానికే వెళ్ళిపోవచ్చు కదా అని ఒకటి. వెనక్కి రావాలని తేల్చుకున్నాక వెంటనే దించకుండా అంతసేపు గాల్లో ఎందుకు తిప్పారు అని ఇంకోటి.

మొదటిదానికి జవాబు సులువు. గ్రీన్ పోతే విమానం హాయిగానే ఎగురుతుంది, కంట్రోల్స్ అన్నీ పనిచేస్తాయి, కానీ దిగే పనిలో మాత్రం ఒకేసారి చాలా పోతాయి. గేర్ మామూలుగా దిగదు, నార్మల్ బ్రేకులు పోయి ఎల్లో మీద నడిచే ఆల్టర్నేట్ బ్రేకులు మిగులుతాయి, వాటికి యాంటీ స్కిడ్ ఉంటుంది కానీ ఆటో బ్రేక్ ఉండదు. దిగాక వేగం తగ్గించే ఒకటో ఇంజన్ రివర్సర్ రాదు, ఒక్కో రెక్క మీద పైకి లేచి విమానాన్ని ఆపడానికి సాయపడే ఐదు స్పాయిలర్లలో రెండు లేవవు, రెక్కల ముందూ వెనకా ఉండే స్లాట్స్ ఫ్లాప్స్ సగం స్పీడ్ తో కదుల్తాయి, మా దగ్గరున్న పాత విమానాల్లో అయితే ముందు చక్రం స్టీరింగ్ కూడా గ్రీన్ మీదే కాబట్టి అదీ పోతుంది. ఇంత లిస్ట్ పెట్టుకుని రెండు గంటలు ఎగిరి, అక్కడ వాతావరణం ఎలా ఉంటుందో, మధ్యలో ఎల్లో కి ఏమన్నా అయితే ఏంటో అని ఆలోచిస్తూ వెళ్ళడం కన్నా, పొడవైన రన్‌వే, తెలిసిన ఎయిర్‌పోర్ట్, కింద తమ సొంత ఇంజనీర్లు ఉన్న చోటికి రావడమే సరైన పని. ఇందులో నాకు ఎప్పుడూ రెండో ఆలోచన లేదు.

రెండో ప్రశ్న బరువు గురించి. ఆ విమానానికి గరిష్ఠ ల్యాండింగ్ బరువు 66 టన్నులు, టేకాఫ్ బరువు 67.9. పెద్ద విమానాల్లో చాలావాటికి ఇంధనం బయటికి వదిలేసే ఏర్పాటు ఉంటుంది, ఏ320 కి అది లేదు, కాల్చాల్సిందే. 2005 సెప్టెంబర్ 21న జెట్‌బ్లూ 292 లో ముందు చక్రాలు అడ్డంగా 90 డిగ్రీలు తిరిగి ఇరుక్కుపోతే, అది కూడా ఏ320 నే, గంటల తరబడి గాల్లో తిరిగి ఇంధనం కాల్చుకుని లాస్ ఏంజెలెస్ లో దిగింది, టైర్లు కాలిపోతూ నిప్పురవ్వలు లేచాయి కానీ లోపల ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. నిజంగా అర్జంట్ అయితే, మంటలో పొగో ఉంటే, ఎక్కువ బరువుతోనే దిగేస్తారు, దానికి వేరే పద్ధతి ఉంది, దిగాక మేము చేసే ప్రత్యేక ఇన్‌స్పెక్షన్ ఉంది. ఇక్కడ అంత తొందర ఏమీ లేదు, పైగా బ్రేకింగ్ తగ్గిపోయి ఉంది, అలాంటప్పుడు ప్రతి వంద కిలోలూ లెక్కే. ఆ టైమ్ లో వాళ్ళు ల్యాండింగ్ దూరం లెక్కేసుకున్నారు, క్యాబిన్ కి బ్రీఫింగ్ ఇచ్చారు, మాతో రేడియోలో మాట్లాడారు.

ఆ రేడియో దగ్గర ఉన్నది నేనే. టెయిల్ నంబర్ వినగానే కడుపులో ఏదో కదిలింది, గ్రీన్ అని వినగానే ఇంకేం అక్కర్లేకపోయింది. రెండు రోజుల కింద నేను చేత్తో తుడిచిన తడి గుర్తొచ్చింది.

7:49 కి గ్రావిటీ ఎక్స్‌టెన్షన్. కాక్‌పిట్ లో ఇద్దరు పైలట్ల మధ్య పెడెస్టల్ వెనక వైపు ఒక మడత చేతిపిడి ఉంటుంది, దాన్ని బయటికి తీసి మూడు చుట్లు తిప్పాలి. తిప్పుతుంటే మొదట గేర్ కి హైడ్రాలిక్ సప్లై తెగిపోతుంది, తర్వాత తలుపుల లాక్, ఆ తర్వాత గేర్ ని పైన పట్టి ఉంచే అప్‌లాక్స్ విడిపోతాయి, గేర్ తన బరువుకి తనే కిందికి జారి లాక్ అవుతుంది. చూడ్డానికి పాతకాలం పద్ధతిలా ఉంటుంది కానీ నాకు ఈ విమానంలో బాగా నమ్మకం ఉన్న ఏర్పాట్లలో ఇదొకటి, భూమి ఆకర్షణ ఫెయిల్ అవ్వదు కదా. ఒకసారి ఇలా దించాక మళ్ళీ పైకి లాగడం కుదరదు, గేర్ తలుపులు కూడా తెరుచుకునే ఉంటాయి. మూడు పచ్చ లైట్లు వచ్చాయి. 8:05 కి దిగింది, అప్పటికి బరువు 65.7. కెప్టెనే ల్యాండ్ చేసారు, సెంటర్ లైన్ మీద నిలబెట్టారు, స్టీరింగ్ లేదు కాబట్టి ట్యాక్సీ చేసే ప్రయత్నం కూడా చెయ్యకుండా అక్కడే ఆపేసారు.

రన్‌వే మీద ఆగిన విమానం దగ్గరికి వెళ్ళేటప్పుడు చుట్టూ ఫైర్ ఇంజన్ల లైట్లు, ఏటీసీ ఒకవైపు రన్‌వే ఎప్పుడు ఖాళీ చేస్తారని అడుగుతూ ఉంటుంది, అందరూ తొందరపెడతారు. కానీ మా పనికి ఒక వరస ఉంది. బ్రేకులు వేడిగా ఉంటాయి కాబట్టి ముందు నుంచో వెనక నుంచో వెళ్ళాలి, చక్రం పగిలితే ముక్కలు పక్కకి ఎగురుతాయి కాబట్టి ఇరుసు వైపు నిలబడకూడదు. ముందు చక్రాలకి అడ్డంగా చాక్స్, తర్వాత మూడు గేర్లూ మడుచుకోకుండా డౌన్‌లాక్ పిన్నులు, ఆ తర్వాత తెరుచుకున్న తలుపులకి సేఫ్టీ కాలర్లు, అప్పటిదాకా ఎవడూ వీల్ వెల్ లో, అంటే గేర్ ముడుచుకునే గదిలో, తలపెట్టకూడదు. కాక్‌పిట్ లో వాయిస్ రికార్డర్ బ్రేకర్ లాగేయాలి, లేకపోతే కరెంట్ ఉన్నంతసేపూ పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కుతూనే ఉంటుంది.

ఎడమ మెయిన్ గేర్ దగ్గర వాసన ముందు తగిలింది. స్కైడ్రాల్ వాసన తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ముక్కులో ఘాటుగా పట్టుకుంటుంది. ఊదా రంగు ఫ్లూయిడ్, ఫాస్ఫేట్ ఎస్టర్ రకం, అంత తేలిగ్గా అంటుకోదు కానీ వేడి బ్రేక్ మీద పడితే తెల్లటి పొగ వస్తుంది, ఆ రోజూ వచ్చింది, ఫైర్ వాళ్ళు కాస్త కంగారుపడ్డారు. చర్మం మీద పడితే మంట, కంట్లో పడితే ఎంత నీళ్ళు కొట్టుకున్నా చాలాసేపు కళ్ళు తెరవలేం, అందుకే గాగుల్స్ గ్లోవ్స్ లేకుండా నా టీమ్ లో ఎవరినీ లోపలికి వెళ్ళనివ్వను. ఎడమ వీల్ వెల్ గోడలు, తలుపు లోపలి వైపు, పొట్ట కింద వెనకదాకా అంతా తడిసి కారుతోంది.

టో బార్ తగిలించి హ్యాంగర్ కి తెచ్చాం. రాత్రి 11 అయింది శుభ్రం చేసి లోపల చూసేసరికి. లీక్ వెతకడానికి ఎప్పుడూ చెయ్యి పెట్టి తడమకూడదు, 3000 పీఎస్ఐ తో సూది మొనంత రంధ్రంలోంచి వచ్చే ఫ్లూయిడ్ గ్లోవ్ ని, చర్మాన్ని దాటి లోపలికి దిగిపోతుంది, చూడ్డానికి చిన్న చుక్కలా ఉంటుంది, వేలు తీసేయాల్సి వచ్చే కేసులు ఉంటాయి. ఇక్కడ సిస్టమ్ చల్లగా ఖాళీగా ఉంది కాబట్టి అద్దం, టార్చి పెట్టుకుని చూసాం. నాతో ఉన్న జూనియర్ టెక్నీషియన్ అద్దం తిప్పుతూ "అన్నా, ఇక్కడ మెరుస్తోంది చూడు" అన్నాడు.

గేర్ ని పైకి లాగే రిట్రాక్షన్ యాక్యుయేటర్ కి వెళ్ళే, వంగే రకం ఫ్లెక్సిబుల్ హోస్. దాని మీద స్టీల్ తీగల అల్లిక ఉంటుంది, వాడుకలో అది మసకబారి బూడిద రంగులో ఉంటుంది. దాని వెనక వైపు, మనకి నేరుగా కనపడని వైపు, చిటికెన వేలి గోరంత మేర అల్లిక అరిగి తళతళా మెరుస్తోంది, మధ్యలో తీగలు తెగి వెంట్రుకల్లా లేచి ఉన్నాయి, వాటి కింద లోపలి ట్యూబ్ లో సన్నటి చీలిక. సరిగ్గా దాని ఎదురుగా ఒక గట్టి పైపు, దాని మీద కూడా అదే సైజులో అరిగిన మచ్చ. రెండూ ఒకదానికొకటి రాసుకున్నాయి. మధ్యలో ఉండాల్సిన ఖాళీ లేదు.

ఎందుకు లేదో కొంచెం పైన చూస్తే తెలిసింది. హోస్ ని పట్టుకుని ఉండే క్లాంప్, లోపల రబ్బర్ మెత్త ఉండేది, దాని కాలు ఉండాల్సిన వైపు కాకుండా తిరగేసి బిగించి ఉంది. బోల్ట్ టార్క్ సరిగ్గా ఉంది, రబ్బర్ బాగుంది, బయటికి చూస్తే ఏ తప్పూ లేని క్లాంప్. కానీ తిరగేయడం వల్ల హోస్ వంపు కొన్ని మిల్లీమీటర్లు పక్కకి జరిగింది, గేర్ కదిలిన ప్రతిసారీ, ఇంజన్ వైబ్రేషన్ కి నిమిషం నిమిషం, పైపుని రాస్తూ వచ్చింది.

రికార్డులు తీస్తే 11 రోజుల ముందు అదే వీల్ వెల్ లో ఒక ప్రాక్సిమిటీ సెన్సర్ (భాగం దగ్గరికి వచ్చిందో లేదో చెప్పేది) వైరింగ్ మార్చారు. ఆ పని ఎలా చేయాలో రాసి ఉండే టాస్క్ కార్డ్ లో "యాక్సెస్ కోసం అవసరమైన క్లాంపులు విప్పండి" అని ఒక వాక్యం, చివర్లో "విప్పినవి తిరిగి బిగించండి" అని ఇంకో వాక్యం, అంతే. విప్పింది ఒకరు, మధ్యలో వేరే విమానానికి టైర్ మార్చాలని పిలుపు వచ్చి ఆయన వెళ్ళిపోయారు, బిగించింది ఇంకొకరు, విప్పకముందు అది ఎలా ఉందో ఆయన చూడనే లేదు. షిఫ్ట్ హ్యాండోవర్ కాగితంలో "సెన్సర్ జాబ్, క్లోజ్ అప్ మిగిలింది" అని నాలుగు మాటలు ఉన్నాయి. ఆ ఇద్దరూ మంచి పనివాళ్ళే, వాళ్ళ పక్కన నేను ఏళ్ళుగా పనిచేసాను.

ఇప్పుడు నా సంగతికి వస్తాను, ఇదే అసలు విషయం.

ఘటనకి రెండు రోజుల ముందు మధ్యాహ్నం ట్రాన్సిట్ చెక్ లో, అంటే రెండు ఫ్లైట్ల మధ్య చేసే చెక్ లో, ఎడమ గేర్ తలుపు అంచున ఊదా రంగు చార కనపడింది, అరచేతి పొడవు ఉంటుంది. తలుపు తెరిపించి లోపల తుడిచి, ఎల్లో ఎలక్ట్రిక్ పంపు ఆన్ చేసి పీటీయూ ద్వారా గ్రీన్ కి 3000 పీఎస్ఐ పెట్టాను. పది నిమిషాలు అలాగే ఉంచి, కంట్రోల్స్ కదిలించి, టార్చి పెట్టి చూసాను. ఎక్కడా చుక్క లేదు. రిజర్వాయర్ కాస్త తగ్గితే ఒక లీటర్ పోసాను. పాత ఫ్లూయిడ్ మిగిలిపోయి కారి ఉంటుంది అనుకున్నాను, వీల్ వెల్ లో అది చాలా మామూలు. యాక్టివ్ లీక్ లేదు, గమనిస్తూ ఉండండి అని రాసి సంతకం పెట్టాను.

నేను ఆ పది నిమిషాలు ప్రెషర్ పెట్టింది నిజమే, కానీ ఆ హోస్ లో ప్రెషర్ లేదు. గేర్ కి రెండు వైపుల లైన్లు ఉంటాయి, దించే లైన్, ఎత్తే లైన్. సెలెక్టర్ వాల్వ్ ఒకసారికి ఒకదానికే ప్రెషర్ ఇస్తుంది, రెండోదాన్ని రిటర్న్ కి కలుపుతుంది. విమానం నేల మీద ఉన్నప్పుడు లివర్ కిందే ఉంటుంది, ఉండాలి కూడా. అంటే ఎత్తే వైపు లైన్ లో, ఆ అరిగిన హోస్ లో, రిటర్న్ ప్రెషర్ తప్ప ఏమీ లేదు. నేను పది నిమిషాలు కాదు, పది గంటలు టార్చి పట్టుకుని నిలబడినా అది కారేది కాదు. అది కారేది టేకాఫ్ అయ్యి గేర్ పైకి వెళ్తున్నప్పుడు, ఆ కొద్దిసేపు మాత్రమే, అప్పుడు అక్కడ చూడ్డానికి మనిషి ఉండడు.

ఈ సెలెక్టర్ వాల్వ్ గురించి నాకు తెలియదా అంటే బాగా తెలుసు, క్లాస్ లో బొమ్మ గీసి ఇంకొకళ్ళకి చెప్పిన వాడిని. తెలిసి కూడా ఆ మధ్యాహ్నం ఆ తడికీ ఈ బొమ్మకీ ముడి వేయలేదు. విమానం బయల్దేరడానికి 40 నిమిషాలు ఉంది, పొడిగా ఉండాలని మనసులో కోరుకుంటున్నాను, పొడిగా కనపడింది. ఆ మర్నాడు ఇంకో స్టేషన్ లో ఇంకో ఇంజనీర్ అర లీటర్ పోసి, తడి తుడిచి, అలాగే రాసారు. ఆయన పేజీ నేను చూడలేదు, నా పేజీ ఆయన చూసారో లేదో తెలియదు. రెండు రోజుల్లో లీటరున్నర ఎక్కడికో పోతోంది అని ఎవరికీ ఒకే చోట కనపడలేదు. పైగా ప్రతిచోటా శుభ్రంగా తుడిచేయడం వల్ల తర్వాతివాళ్ళకి అది ప్రతిసారీ కొత్త చిన్న తడిలాగే కనపడింది.

మూడో రోజు సాయంత్రం ఆ చీలిక పూర్తిగా తెరుచుకుంది. ఇంజన్ పంపు నిమిషానికి 140 లీటర్ల దాకా ఇవ్వగలదు, రిజర్వాయర్ లో ఉండేది దాంట్లో పదో వంతు. లెక్క చూసుకుంటే ఖాళీ అవ్వడానికి కొన్ని సెకన్లు చాలు. గేర్ పూర్తిగా లోపలికి వెళ్ళి లాక్ అయ్యేంత ఫ్లూయిడ్ మిగలడం ఆ రోజు మన అదృష్టం, సగంలో ఆగి ఉంటే నేను ఇంకో రకం కేస్ స్టడీ రాసేవాడిని.

హాస్పిటల్ లో ఈసీజీ తీసినప్పుడు మామూలుగా ఉండి, మెట్లెక్కితే గుండె నొప్పి వచ్చేవాళ్ళు ఉంటారు కదా, అందుకే ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి చూస్తారు. మా పనిలో ఆ ట్రెడ్‌మిల్ అంటే విమానాన్ని జాక్‌ల మీదకి ఎత్తి గేర్ ని పైకి కిందికి ఆడించడం, గేర్ స్వింగ్ అంటాం. దానికి హ్యాంగర్ కావాలి, గంటలు కావాలి, ఆ రోజు ఫ్లైట్లు పోతాయి. అరచేతి పొడవు చార చూసి ఎవరూ జాక్‌ల మీదకి ఎత్తరు, నేను కూడా అది అడగట్లేదు. కానీ హోస్ లకి అది అక్కర్లేదు, అద్దం పెట్టి చుట్టూ చూస్తే చాలు, అరుగుదల ప్రెషర్ లేకపోయినా కనపడుతుంది. నేను చుక్క కోసం చూసాను, అరుగుదల కోసం చూడలేదు. ఫ్లెక్సిబుల్ హోస్ విషయంలో ఇన్ని చుక్కలదాకా పర్లేదు అనే లిమిట్ కూడా లేదు, తడి దాని నుంచే అని తేలితే మార్చేయడమే.

ఈ కేస్ తర్వాత నేను పాత రిపోర్టులు మళ్ళీ చదివాను, వాటిలో ఒకటి నన్ను రెండు రోజులు వదల్లేదు. 1983 మే 5న ఈస్టర్న్ ఎయిర్ లైన్స్ 855, లాక్‌హీడ్ ఎల్ 1011 ట్రైస్టార్, మయామి నుంచి నసావ్ కి, 172 మంది. రెండో ఇంజన్ ఆయిల్ ప్రెషర్ పడిపోతే ఆపేసి మయామి వైపు తిరిగారు. దారిలో మిగతా రెండు ఇంజన్ల ఆయిల్ కూడా సున్నా చూపించింది. మూడూ ఒకేసారి పోవడం జరగని పని, మీటర్ల తప్పే అయ్యుంటుంది అనుకున్నారు, అది నిజంగానే పోయిన ఆయిల్. రెండు ఇంజన్లూ ఆగిపోయాయి, ఏ ఇంజనూ లేకుండా 13,000 అడుగుల నుంచి 4,000 దాకా సముద్రం మీద జారుతూ వచ్చారు, చివరికి ముందు ఆపేసిన రెండో ఇంజన్ నే మళ్ళీ స్టార్ట్ చేసి మయామిలో దిగారు. అందరూ బతికారు.

కారణం ఓ రింగులు, అంటే ఆయిల్ కారకుండా ఆపే గుండ్రటి సీల్స్. ముందు రాత్రి మూడు ఇంజన్లకీ చిప్ డిటెక్టర్లు మార్చారు, ఆయిల్ లో లోహపు పొడి పడితే పట్టుకునే చిన్న భాగం అది. ఎప్పుడూ ఓ రింగ్ తగిలించి రెడీగా ఉన్నవే చేతికి వచ్చేవి, ఆ రాత్రి అవి లేక స్టోర్ నుంచి తెచ్చారు, వాటికి రింగులు లేవు, ఉన్నాయనుకుని బిగించేసారు. ఇక్కడ నన్ను పట్టుకున్నది తర్వాతి పని. వాళ్ళు లీక్ చెక్ చేసారు. స్టార్టర్ తో ఇంజన్ ని కొద్ది సెకన్లు తిప్పి చూసారు, కారలేదు, సరే అనుకున్నారు. అన్ని సెకన్లలో అక్కడ ఆయిల్ ప్రెషర్ కారేంతగా పెరగలేదు. నా పది నిమిషాలకీ వాళ్ళ కొద్ది సెకన్లకీ తేడా ఏమీ లేదు, ఇద్దరం లీక్ రాని స్థితిలో పెట్టి లీక్ లేదు అని రాసాం.

ఆ పక్క వారం ఎంక్వయిరీ. మొదటి మీటింగ్ లోనే క్లాంప్ బిగించిన టెక్నీషియన్ పేరు బోర్డు మీద రాసేసారు, ఆయనకి రీట్రైనింగ్ ఇచ్చి మూసేద్దాం అన్న ధోరణి కనపడింది. నేను లేచి నా సంతకం ఉన్న టెక్ లాగ్ పేజీ కూడా పక్కన పెట్టాను, దాని పక్కన ఇంకో స్టేషన్ పేజీ, దాని పక్కన ఆ ఒక్క వాక్యం టాస్క్ కార్డ్. నాలుగు చోట్ల నాలుగు అవకాశాలు పోయాయి, చివరి మనిషి ఒక్కడి మీద రాస్తే మిగతా మూడు అలాగే ఉండిపోతాయి అన్నాను. క్వాలిటీ మేనేజర్ చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత బోర్డు మీద పేరు ఆవిడే తుడిపేసారు. ఆ రోజు ఆవిడ మీద నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ అలాగే ఉంది.

మార్పులు పెద్దవేం కాదు. వీల్ వెల్ లో క్లాంప్ విప్పే ముందు ఫోటో తీయాలి, బిగించాక అదే కోణంలో ఇంకోటి, రెండూ కార్డ్ కి జతచేయాలి, విప్పని మనిషి బిగించాల్సి వస్తే రెండో సంతకం ఉండాలి. మూడు రోజుల్లో ఒకే హైడ్రాలిక్ సిస్టమ్ కి రెండుసార్లు ఫ్లూయిడ్ పోస్తే మెయింటెనెన్స్ కంట్రోల్ కి ఫోన్ వెళ్ళాలి, ఎంత పోసామన్నది పక్కన పెట్టి ఎన్నిసార్లు పోసామన్నది చూడాలి. తడి ఎక్కడి నుంచో తేలకపోతే తుడిచే ముందు ఫోటో. ఇంకా నా పట్టు మీద చేర్చిన ఒక లైన్: వీల్ వెల్ లో తడి ఉంటే నేల మీద ప్రెషర్ చెక్ ఎత్తే లైన్ ని పరీక్షించదు, ఆ వైపు హోస్ లు అద్దంతో చూడాలి. ఫోటోల గురించి మొదట్లో చాలా గొణుగుడు ఉండేది, నాలుగో నెలలో వేరే విమానం మీద తిరగేసిన క్లాంప్ ఒకటి ఫోటోలో దొరికాక ఆ మాట వినపడలేదు.

ఇక ఆ విమానం. హోస్, క్లాంప్, అరిగిన పైపు మార్చాం. ఎడమ వైపు రెండు బ్రేక్ యూనిట్లూ తీసేసాం, బ్రేకుల్లోని కార్బన్ స్కైడ్రాల్ ని పీల్చుకుంటే ఇక నమ్మలేం. పంపు కాసేపు ఖాళీగా తిరిగింది కాబట్టి పంపు లోంచి వచ్చే ఫ్లూయిడ్ ని వడకట్టే కేస్ డ్రెయిన్ ఫిల్టర్ విప్పి గుడ్డ మీద దులిపి చూసాం, లోహపు పొడి లేదు, అయినా ఫిల్టర్లు కొత్తవి వేసాం. ఫ్లూయిడ్ నింపి గాలి తీసి జాక్‌ల మీదకి ఎత్తాం. గేర్ స్వింగ్ ఐదుసార్లు చేయించాను, ప్రతిసారీ పైకి వెళ్ళి లాక్ అయ్యాక లివర్ పైనే ఉంచి, దూరం నుంచి టార్చి వేసి ఆ హోస్ నే చూసాను.

మర్నాడు సాయంత్రం మొదటి ఫ్లైట్ కి వెళ్ళింది. అది తిరిగొచ్చేసరికి నా షిఫ్ట్ అయిపోయి రెండు గంటలు దాటింది, అయినా ఉన్నాను. పిన్నులు పెట్టించి, తలుపు తెరిపించి, కొత్త తెల్ల గుడ్డ తీసుకుని ఎడమ వీల్ వెల్ లోకి దూరి హోస్ చుట్టూ, క్లాంప్ కింద, వెనక కనపడని వైపు కూడా తుడిచాను. జూనియర్ కింద నుంచి "ఏమైంది అన్నా" అని అడిగాడు. గుడ్డ వాడికి అందించాను, వాడు దాన్ని లైట్ కింద పట్టుకుని రెండు వైపులా తిప్పి చూసాడు. తెల్లగానే ఉంది.